శివ నుంచి గాయం దాకా: ఇప్పుడు మళ్ళీ చూస్తే ఏవి నిలబడ్డాయి?

రెండోఆట
2025 నవంబరు 16, రాత్రి 11:40

నిన్న మా అమ్మాయితో కలిసి నాగార్జున సినిమా శివ చూసొచ్చాను. 14న మళ్ళీ విడుదల చేశారు కదా, 4కె బొమ్మతో, డాల్బీ అట్మాస్ శబ్దంతో. 1989 అక్టోబరు 5న మొదటిసారి వచ్చినప్పుడు నేను ఏడో తరగతి. మా ఊరికి ప్రింటు రావడానికి నెల పట్టింది. మా బాబాయి సైకిల్ మీద రెండో ఆటకి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు చీకట్లో వెనకాల ఎవరి సైకిల్ చప్పుడు వినపడినా బాబాయి చొక్కా గట్టిగా పట్టుకునేవాణ్ణి. ఆ భయం ఇంకా సినిమాలో ఉందా, నా చిన్నతనంతోనే పోయిందా అన్నది తేల్చుకుందామని వెళ్ళాను.

ఉందండీ. అలాగే ఉంది.

కొట్లాటలు మాత్రం కొన్ని పాతబడ్డాయి. దెబ్బ తగలకముందే మనిషి పడిపోవడం అక్కడక్కడ తెలిసిపోతోంది. కానీ దెబ్బకి ముందు ఉండే ఆ నిమిషం ఉంది చూశారా, దానికి ముప్ఫై ఆరేళ్ళు వచ్చినట్టే లేదు. కాలేజీ గేటు బయట మనుషులు ఊరికే నిలబడి ఉంటారు. ఎవరూ కత్తి చూపించరు, ఎవరూ అరవరు. వాళ్ళు ఎవరికోసం నిలబడ్డారో అప్పటికి మనకి తెలియదు. అయినా కడుపులో ఏదో తిప్పినట్టవుతుంది. సైకిల్ స్టాండు దగ్గరికి కాలేజీ రౌడీ జేడీ, వాడి మనుషులు వస్తారు. శివ ఏమీ మాట్లాడడు. చెయ్యి కిందికి వెళ్ళి చైను పట్టుకుంటుంది, లాగుతుంది, తెంపుతుంది, పిడికిలికి చుట్టుకుంటుంది. మా అమ్మాయి నా చెవి దగ్గరికి వంగి, "ఏంటి నాన్నా, కొట్టేముందు ఒక్క డైలాగు కూడా లేదు?" అంది. దానికి పందొమ్మిదేళ్ళు. దాని లెక్కలో హీరో ముందు రెండు నిమిషాలు మాట్లాడాలి, తర్వాత కొట్టాలి. ఆ రెండు నిమిషాల మాటల్లో ఎదురుగా ఉన్నవాడి మీద భయం ఆవిరైపోతుందని దానికి నిన్నే తెలిసింది.

రాబోయే వారాల్లో ఖైదీ, అంకుశం, క్షణక్షణం, గాయం వరసగా చూద్దామనుకుంటున్నాను. మీరూ చూడండి. పాత ప్రేమ పక్కనపెట్టి, ఈరోజు చూస్తే ఎలా ఉందో రాయండి.


మిక్సింగ్_రూమ్
నవంబరు 17, ఉదయం 7:15

మీరు చెప్పిన ఆ నిమిషంలో సగం పని శబ్దానిది. నేను ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

శివకి ముందు మన యాక్షన్ సినిమాల్లో గుద్దు చప్పుడు అంటే ఒక స్టాకు చప్పుడు. ఎవరు ఎవర్ని కొట్టినా అదే. గోడకి తగిలినా, పొట్టకి తగిలినా తేడా ఉండేది కాదు. మాటలన్నీ తర్వాత డబ్బింగ్ థియేటర్లో చెప్పేవి కాబట్టి వెనకాల ఉండే ఊరి చప్పుడు పూర్తిగా పోయేది. ఆ ఖాళీని నింపడానికి సంగీతం ఆగకుండా మోగేది. శివలో ఇళయరాజా చాలా చోట్ల చెయ్యి ఆపేశాడు. సంగీతం లేని చోట అడుగుల చప్పుడు, జీపు తలుపు పడిన చప్పుడు, దూరంగా ఎవరో పరిగెడుతున్న చప్పుడు. ఆపైన హఠాత్తుగా వాయిద్యాలు వచ్చి మీద పడతాయి. అప్పుడు మోనోలో, ఒకే స్పీకరు లోంచి, అంత పని చేశారు.

కొత్త మిక్సు గురించి నా మాట: మోనోలో కలిసిపోయి ఉన్నదాన్ని యంత్రం సాయంతో విడదీసి చుట్టూ పరిచారు. చైను లాగే చోటా, వెంటపడే చోటా బాగా కుదిరింది. కొన్ని చోట్ల మాత్రం కొత్తగా కలిపిన గుద్దుల బరువు ఎక్కువైంది. పాతదాంట్లో పిడికిలి ఎముకకి తగిలినట్టు పొడిగా ఉండేది. ఆ పొడితనమే ఎక్కువ నొప్పి పుట్టించేది. కుదిరితే పాత మోనోని కూడా ఒకసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

కెమెరా సంగతి కూడా చెప్పాలి. ఎస్. గోపాలరెడ్డి గారు స్టెడీకామ్‌ని (ఒంటికి కట్టుకుని నడుస్తూ తీసినా బొమ్మ కుదపని అమరిక) ఇందులో వాడినట్టు అంతకుముందు తెలుగులో పెద్దగా ఎవరూ వాడలేదు. మనిషి వెనకాలే కెమెరా నడుస్తుంటే మనం చూస్తున్నట్టు ఉండదు, మనం కూడా ఆ గుంపులో ఉన్నట్టు ఉంటుంది.


కృష్ణలంక
నవంబరు 17, మధ్యాహ్నం 2:05

తమ్ముడూ, మీ భయం సినిమాతో మొదలైంది. మాకు సినిమా కంటే ముందే ఉంది.

1988 డిసెంబరు 26 తెల్లవారుజామున బెజవాడలో నిరాహార దీక్షలో ఉన్న ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగా గారిని చంపేశారు. నేనప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. తర్వాత రోజుల్లో ఊరు ఎలా తగలబడిందో, కర్ఫ్యూలో పాలకోసం సందులమ్మట ఎలా వెళ్ళామో మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆ గొడవ జరిగిన పదో నెలలో శివ వచ్చింది. రామ్‌గోపాల్ వర్మ మా ఊరి సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకున్నవాడు. సినిమాలో హైదరాబాదు అని చూపించినా, మా వరసలో కూర్చున్నవాళ్ళెవరూ అది హైదరాబాదు అనుకోలేదు.

కాలేజీ ఎన్నికల వెనకాల ఊళ్ళో మనుషులుంటారని, వాళ్ళ వెనకాల యూనియన్లుంటాయని, వాటి వెనకాల రాజకీయ నాయకులుంటారని మాకు తెలుసు. దాన్ని తెర మీద అంత మామూలుగా చూపించింది అదే మొదలు. విలన్ భవానిగా వేసిన రఘువరన్‌ని చూడండి. ఖద్దరు లేదు, బంగారు గొలుసులు లేవు, పెద్ద బంగళా లేదు. మామూలు చొక్కా, మాసిన గడ్డం. గొంతు పెంచడు. నేను అలాంటి మనిషిని చూశాను, మా సందు చివర టీ కొట్టు బల్ల మీద కూర్చునేవాడు. అతను లేచి నిలబడితే కొట్టువాడు స్టవ్వు మంట తగ్గించేవాడు. ఎందుకు తగ్గించేవాడో నాకు అప్పుడు అర్థం కాలేదు. మాట స్పష్టంగా వినపడాలని.

మొన్న మళ్ళీ చూస్తే నాకు నిలబడింది రఘువరనే. 2008లో పోయాడు. ఇంకా అలాంటి విలన్ రాలేదు.


ప్లేనో_గోదారి
నవంబరు 17, రాత్రి 9:30

కృష్ణలంక గారూ, స్టవ్వు మంట సంగతి చదివి కాసేపు అలా కూర్చుండిపోయానండి. ఇక్కడ టెక్సాస్‌లో, మా ప్లేనో దగ్గర కూడా శివ వేశారు, ఒక్క ఆట. హాల్లో నాలుగు వరసలు నిండాయి. అందరూ మా వయసు వాళ్ళే. బోటనీ పాఠం పాట వచ్చినప్పుడు మా ఆవిడ, పక్క సీటులో ఎవరో తెలియని ఆవిడ కలిసి పాడారు.

కానీ ఒకటి చెప్పాలండి. పాటలు వచ్చినప్పుడల్లా కథ ఆగిపోతోంది. పాటలు మంచివే, విడిగా ఇప్పటికీ వింటాను. అంత బిగించి పట్టుకున్న భయాన్ని అవి వదిలేస్తున్నాయి.


హన్మకొండ_పిల్ల
నవంబరు 18, ఉదయం 10:20

అందరు భయం గురించి రాస్తున్నరు. నేను ఆశ గురించి రాస్త, గదే అమల ఏసిన పాత్ర.

సినిమా మొదట్ల అమల మంచిగ మాట్లాడుతది, నవ్వుతది, కాలేజీల తనకంటు ఒక జాగ ఉన్నది. పెండ్లయినంక ఆమెకు మిగిలింది ఏంది? తలుపు దగ్గర నిలబడుడు, ఫోనుకోసం చూసుడు, ఏడ్సుడు. ఇంట్ల చిన్న పాపను, శివ అన్న బిడ్డను, చంపుతరు గదా. గా దుఃఖం కూడ శివ కోపానికి కట్టె లెక్కనే వాడుకున్నరు. ఆశ ముఖం మీద కెమెరా ఎక్కువసేపు ఆగదు. నేను 1998ల పుట్టిన, మొదటిసారి పెద్ద తెర మీద చూసిన. సినిమా మస్తు నచ్చింది, అందుకే గీ మాట గట్టిగ అంటున్న.

ఇంకోటి. సైకిల్ మీద పాపను కూసుండబెట్టుకొని శివ సందులల్ల పోతుంటె కారు వెంబడి పడే సీను. ఇప్పటికి గుండె ఆగినట్లయితది. అయితె గా పాపను అంత ప్రమాదంగ తీసినందుకు వర్మ మొన్న మళ్ళ విడుదలయ్యేటప్పుడు బహిరంగంగ క్షమాపణ చెప్పిండు. గప్పటి పాప, గిప్పుడు పెద్దగైన ఆమె గూడ పెద్ద మనసుతోని జవాబిచ్చింది. గది చదివినంక సీను చూస్తె నా కండ్లు హీరో మీద లేవు. పాప చేతులు హ్యాండిల్‌ని ఎట్ల పట్టుకున్నయో గదే చూసిన.


రెండోఆట
నవంబరు 18, రాత్రి 10:55

మీరు చెప్పింది కాదనలేను. ఆశ గురించి నేను ఒక్క ముక్క కూడా రాయలేదు. మా అమ్మాయి ఇంటికొచ్చే దారిలో సరిగ్గా ఇదే అడిగింది, నేను జవాబు దాటేశాను.


రెండోఆట
నవంబరు 24, ఉదయం 6:30

నిన్న ఖైదీ చూశాం. 1983. మొదటి ఇరవై నిమిషాలు ఇప్పటికీ కుర్చీలోంచి కదలనివ్వవు. పోలీస్ స్టేషన్లో హీరో సూర్యాన్ని కొట్టడం, అతను తిరగబడటం. చిరంజీవి గారి ఒంట్లో ఆ రోజు ఉన్న వేగం చూస్తే, డూపు లేకుండా తనే దూకుతున్న చోట మనకి ఒళ్ళు జలదరిస్తుంది. ఆ మొదటి ఘట్టం అమెరికావాళ్ళ ఫస్ట్ బ్లడ్ నుంచి వచ్చిందే. అక్కడ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడు, ఇక్కడ పొలం పోగొట్టుకున్న రైతు కొడుకు. పరుచూరి సోదరులు ఆ అరువు కథకి మన ఊరి కరణం, మునసబు, వడ్డీ కాగితం అంటించిన తీరు వల్లే అది మన జనానికి సొంతమైంది.

ఆ తర్వాత సగం నాకు బరువుగా నడిచింది. ఊరి ఘట్టాల్లో మాటలు సాగాయి. రావు గోపాలరావు గారు తెర మీద ఉన్నంతసేపూ మాత్రం ఏ లోటూ తెలియదు.

ఆ వెంటనే అంకుశం కూడా చూసేశాం. దాని గురించి ఇవాళ రాయలేను. ఏదో సరిగ్గా లేదు, అదేమిటో ఆలోచిస్తున్నాను. ఎవరైనా చూసి రాస్తే బాగుండు.


పోలీస్_క్వార్టర్స్
నవంబరు 25, రాత్రి 8:10

అంకుశం గురించి నేను రాయాలి. మా నాన్నగారు హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. నేను పుట్టి పెరిగింది పోలీసు లైన్లలోనే.

1989లో ఆ సినిమా వచ్చినప్పుడు మా లైన్లలో పండగ. మాకు దొరికిన మొదటి హీరో. ఇన్‌స్పెక్టర్ విజయ్‌గా రాజశేఖర్ గారు, ఆయనకి సాయికుమార్ గారి గొంతు. ఆ గొంతు ఉందే, అది వినపడగానే మా పిల్లలందరం నిటారుగా నిలబడేవాళ్ళం. విలన్ నీలకంఠంగా వేసిన రామిరెడ్డి గారికి అదే మొదటి సినిమా అంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. ఆ నెమ్మదైన చూపు, "స్పాట్ పెడతా" అనే ఆ చంపుతానన్న బెదిరింపు. కోడి రామకృష్ణ గారు కథని ఎక్కడా నిలవనివ్వలేదు. ఈ మాటల్లో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను.

కానీ నీలకంఠాన్ని కొట్టుకుంటూ వీధుల వెంట ఈడ్చుకెళ్ళే ఘట్టం. అప్పుడు హాలంతా లేచి నిలబడింది, నేనూ నిలబడ్డాను. మొన్న ఆదివారం నాన్నగారితో కలిసి చూశాను. ఆయనకి ఎనభై దగ్గర పడుతోంది. ఆ ఘట్టం వచ్చేసరికి ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. నేను ఆపమంటారా అన్నాను. వద్దన్నారు. కాసేపటికి, "సినిమాలో ఇక్కడితో సీను అయిపోతుంది. స్టేషన్లో అలా కొట్టినోణ్ణి తెల్లారి ఆస్పత్రికి తీసుకెళ్ళేది నేను. మెట్లమీంచి పడ్డాడని రాయించేది నేను" అన్నారు. మా నాన్నగారు ఉద్యోగం గురించి అలా మాట్లాడటం నేను ఇంతకుముందు వినలేదు.

2019 డిసెంబరులో షాద్‌నగర్ దగ్గర దిశ కేసు నిందితుల ఎన్‌కౌంటర్ జరిగినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. అవి చంపాలనే కావాలని జరిపిన కాల్పులని తర్వాత సుప్రీంకోర్టు వేసిన కమిషన్ తేల్చింది, అందరం చదివాం. ఆ పూలు చల్లిన చేతులు అంకుశం చూసి చప్పట్లు కొట్టిన చేతులే అని నాకు గట్టిగా అనిపిస్తుంది. నా చేతులతో సహా. సినిమా ఎంత బాగా తీశారో అంత ఎక్కువగా దానికి మనం జవాబు చెప్పుకోవాలి.


మిక్సింగ్_రూమ్
నవంబరు 25, రాత్రి 9:00

ఈ పోస్టు తర్వాత కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.


హన్మకొండ_పిల్ల
నవంబరు 26, ఉదయం 11:45

అంకుశం నేను గూడ చూసిన. ఇంకో ముచ్చట ఎవరు అనలేదు గదా, నేనంట.

నీలకంఠం ఏ యాసల మాట్లాడుతడు? ఇన్‌స్పెక్టర్ ఏ భాషల మాట్లాడుతడు? 1985ల వచ్చిన ప్రతిఘటన తీసుకోండ్రి. కోట శ్రీనివాసరావు గారి మంత్రి పాత్ర మా యాసనే. గాయంల ఆయనే ఏసిన గురునారాయణ గూడ గంతే. కోట గారు ఎంత గొప్ప నటుడో నాకు ఎవరు చెప్పనక్కర్లేదు. మొన్న జులైల ఆయన పోయిండంటె మా ఇంట్ల టీవీ పొద్దంత ఆయన సీన్లే. మా యాసను ఆయన పలికినంత రుచిగ పలికినోళ్ళు ఆ కాలంల తక్కువ. అయినా రౌడీ, లంచగొండి, లేకపోతె నవ్వులపాలయ్యే నౌకరు, వీళ్ళకే మా మాట ఇచ్చిండ్రు. న్యాయం చెప్పెటోని నోట్లె ఎన్నడు పెట్టలే. మా అమ్మ హాస్టల్ల ఉన్నప్పుడు క్లాసుల నోరు తెరువాలంటె భయపడేదట. సినిమా చూసొచ్చిన పిల్లలు ఆమె మాటలను విలన్ లెక్క అనుకరించేటోళ్ళు.

గిప్పుడు మా యాసల హీరోలు మాట్లాడుతున్నరు, సంతోషమే. పాత సినిమాలు ఎట్ల నిలబడ్డయి అని అడిగితె మాత్రం, నాకు గక్కడ కాలుకు ముల్లు గుచ్చుకున్నట్లనే ఉంటది.

ప్రతిఘటన మాత్రం అందరు మళ్ళ చూడండ్రి. నల్లబల్ల మీద బొమ్మ గీసి టీచరమ్మను అవమానించే సీనుల విజయశాంతి ఏడ్వదు. క్లాసు దిక్కు తిరిగి వేటూరి గారి పాట అందుకుంటది, జానకమ్మ గొంతుల. ఆ పాట అయ్యేసరికి పిల్లలు తల ఎత్తలేరు. ఆడమనిషి కోపాన్ని ఇంకెవరికో అప్పజెప్పకుండ, చివరిదాక ఆమె చేతులనే ఉంచిన సినిమా అది. శివల ఆశకు దక్కనిది ఈ టీచరమ్మ ఝాన్సీకి దక్కింది, అదీ నాలుగేండ్ల ముందు.


సీమ_గాలి
నవంబరు 26, రాత్రి 10:30

అక్కా, మీ బాధ మీరు చెప్పినారు, మా బాధ నేను చెప్తా. నాది కడప పక్కన పల్లె.

మా యాసకు ముందు అసలు చోటే లేదు. 1997లో ప్రేమించుకుందాం రా వచ్చినాక జయప్రకాష్‌రెడ్డి గారి నోట మా మాట వింటాంటే మా నాయన కుర్చీలోనుంచి లేచి, "ఇది మన మాటరా" అన్నాడు. నిజమైన మాట అది. ఆయన మా పక్కోడు కాబట్టి ఏ పదం యాడ బరువుగా పలకాల్నో ఆయనకి తెలుసు. మేమంతా సంబరపడినాం.

ఆ వెనక 1999లో సమరసింహారెడ్డి. దాని ఎనక ఫ్యాక్షన్ సినిమాల వరస. సుమోలు గాల్లోకి లేస్తాయి, నాటుబాంబులు పడతాయి, తెల్ల చొక్కాలోళ్ళు వందమంది కొడవళ్ళు పట్టుకుని పరిగెత్తుకుంటా వస్తారు. నేను 2004లో చదువుకోను హైదరాబాదు పోయినా. హాస్టల్లో మొదటి రోజు నా మంచం పక్కనోడు నా పెట్టె చూసి, "బాంబులు తెచ్చినావా?" అన్నాడు. నా పెట్టెలో మా అమ్మ పెట్టిన శెనిగ్గింజలు, రాగి పిండి ఉన్నాయి. ఇల్లు బాడుగకి అడగబోతే ఊరు పేరు విని లేదన్నోళ్ళు ఇద్దరు.

ఫ్యాక్షన్ లేదని నేను చెప్పను. మా మేనమామ ఊర్లో రెండు కుటుంబాలు దాంట్లోనే పోయినాయి. కానీ అది సుమోల మీద రాలేదు. ఒక బోరుబావి కాడ, ఒక గట్టు కాడ, పంచాయితీ ఎన్నికల కాడ మొదలయ్యింది. చచ్చిపోయినోళ్ళలో ఎక్కువమంది కూలికి పోయినట్టు వెంట పోయినోళ్ళు. వాళ్ళ పెండ్లాలు ఇప్పుడు శెనక్కాయ చేన్లో కూలి చేస్తాండారు. ఆ ఆడోళ్ళ మీద కెమెరా పెట్టిన సినిమా నాకింకా కనపడలేదు.

పోయిన వారం ఇంట్లో సమరసింహారెడ్డి మళ్ళా పెట్టినా. బి. గోపాల్ గారి పట్టు, బాలకృష్ణ గారి గొంతు, ఆ ఊపు ఇప్పటికీ తగ్గలా. మా ఊర్లో ఇప్పుడేసినా ఈలలు పడతాయి. నేను కూడా మధ్యలో ఒకసారి ముందుకు వంగి చూసినా. అదే నా బాధ అన్నా.


రెండోఆట
నవంబరు 27, ఉదయం 7:00

అంకుశంలో నాకు ఏది సరిగ్గా లేదనిపించిందో మీరు ముగ్గురూ చెప్పేశారు. మేం భయం వైపు కూర్చుని చూసిన సినిమా శివ. అంకుశంలో మేం కొట్టేవాడి వైపు కూర్చున్నాం. రెండూ ఒకే సంవత్సరంలో వచ్చాయి, రెండింటికీ నేను చప్పట్లు కొట్టాను. ఇన్నేళ్ళలో ఆ తేడా నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.


ప్లేనో_గోదారి
నవంబరు 28, రాత్రి 11:15

సెలవు కదా, క్షణక్షణం చూశామండి. 1991. ఇంట్లో పదేళ్ళ బాబు నుంచి డెబ్భై ఏళ్ళ అత్తగారి దాకా అందరూ చివరిదాకా కూర్చున్న సినిమా ఇదొక్కటే.

బ్యాంకులో దోచిన డబ్బు. అది ఎక్కడుందో చెప్పే ఒక చిన్న చీటీ. ఆ చీటీ చేతికొచ్చిందని తెలియని అమ్మాయి. దాని చుట్టూ పరుగు. కథ ఇంతే. అందుకే పాతబడలేదు. శ్రీదేవి గారి సత్య అడుగడుగునా దేవుణ్ణి పిలుస్తుంది, ఏడుస్తుంది, వెంకటేష్ గారి చందూని తిడుతుంది. మామూలు ఉద్యోగం చేసుకునే అమ్మాయి అడవిలో చిక్కుకుంటే అలాగే ఉంటుంది. దానికి ఆమెకి నంది అవార్డు వచ్చింది. పరేష్ రావల్ నాయర్ పాత్రలో నవ్విస్తాడు, కానీ తుపాకీ తీసినప్పుడు నవ్వు ఆగిపోతుంది.

శివలో పాటలు కథని ఆపాయన్నాను కదా. ఇక్కడ జామురాతిరి చూడండి. అడవిలో రాత్రి, ఆ అమ్మాయికి నిద్రపట్టదు, భయం. అతను జోలపాడతాడు. కీరవాణి గారి బాణీ, సిరివెన్నెల గారి మాట. ఆ పాట తర్వాత వాళ్ళిద్దరి మధ్య ఒకరి మీద ఒకరికి నమ్మకం పుట్టిందని మనకి తెలుస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. పాట తీసేస్తే కథలో ఒక మెట్టు విరిగిపోతుందండి. మా బాబు ఆ పాట మధ్యలో నిద్రపోయాడు, లేపి మళ్ళీ కూర్చోబెట్టమని వాడే అన్నాడు.


కృష్ణలంక
నవంబరు 30, సాయంత్రం 5:40

ఇవాళ నవంబరు 30. సిరివెన్నెల గారు పోయి నాలుగేళ్ళు. అందుకని కావాలనే ఇవాళే గాయం పెట్టుకున్నాను.

1993లో చూసినప్పుడు మా స్నేహితులకి నచ్చలేదు. శివలా లేదన్నారు. ఇప్పుడు చూస్తే నాకు శివకంటే ఇదే పెద్ద సినిమా అనిపిస్తోంది. జగపతిబాబు వేసిన దుర్గ గెలవడు. అన్నని చంపినవాళ్ళ మీదికి వెళ్ళినవాడు తనే ఒక ముఠాకి నాయకుడైపోతాడు, ప్రేమించిన అమ్మాయి మరొకర్ని పెళ్ళి చేసుకుంటుంది. ఆ అమ్మాయి, రేవతి వేసిన అనిత, అతన్ని చూసే చూపులో జాలి ఉంటుంది గానీ మెచ్చుకోలు ఉండదు. హన్మకొండ నుంచి రాసే అమ్మాయి ఇది గమనించాలి. ఆడమనిషి తన నిర్ణయం తను తీసుకుని, దానిమీద నిలబడుతుంది.

ఇక ఆ పాట. నిగ్గదీసి అడుగు. గొడవల్లో ఊరు అట్టుడుకుతుంటే సిరివెన్నెల గారు స్వయంగా తెర మీదికొచ్చి పాడతారు, గొంతు బాలు గారిది. 1993లో నేను ఆ పాటలో తిట్లు రౌడీలకనుకున్నాను. ఇవాళ విన్నాను. అడిగింది మనల్ని. తలుపేసుకుని కిటికీ సందులోంచి చూసినవాళ్ళని. 1988 డిసెంబరులో మా ఎదురింటి కొట్టు తగలబెడుతుంటే మేం కూడా అలాగే చూశాం. ఆ కొట్టాయన మాకు రోజూ అప్పు మీద బియ్యం ఇచ్చినవాడు. మా అమ్మ తలుపు తియ్యబోతే మా నాన్న చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆయన్ని నేను తప్పు పట్టను, ఇంట్లో నలుగురు పిల్లలం. కానీ పాట వస్తున్నంతసేపూ నాకు ఆ తలుపు గడియే కనపడింది.


హన్మకొండ_పిల్ల
నవంబరు 30, రాత్రి 9:50

పెద్దనాన్నా అని పిలుస్త, ఏమనుకోకండ్రి. అనిత గురించి మీరు చెప్పింది నిజమే. నేను గురునారాయణ యాస పట్టుకొని కోపంల ఉండి ఆమెను సరిగ చూడలె. ఈ ఆదివారం మళ్ళ చూస్త.


మిక్సింగ్_రూమ్
డిసెంబరు 2, ఉదయం 8:25

ఒక మాట. మీరంతా ఏ ప్రింటు చూసి రాస్తున్నారో కూడా రాయండి. శివకి అదృష్టం ఉంది, స్టూడియో వాళ్ళే నిర్మాతలు, జాగ్రత్తగా శుభ్రం చేయించారు. 1971 నాటి మోసగాళ్ళకు మోసగాడు కూడా 2023 మే 31న, కృష్ణ గారి పుట్టినరోజుకి, కొత్త ప్రింటుతో వచ్చింది. రాజస్థాన్ ఇసుక మీద వి.ఎస్.ఆర్. స్వామి గారి కెమెరా పనితనం ఏంటో అప్పుడు కొత్తవాళ్ళకి తెలిసింది. మిగతావాటికి ఆ భాగ్యం లేదు. ఆన్‌లైన్‌లో దొరికేవి చాలావరకు ఎప్పుడో టీవీ కోసం తీసిన టేపుల నుంచి వచ్చినవి. అంచులు కోసేసి ఉంటాయి, రంగు ఎర్రగా దిగిపోయి ఉంటుంది, రాత్రి ఘట్టాల్లో మనిషి ముఖమే కనపడదు. గాయంలో చీకటి సగం కథ. ఆ చీకటి మురికిగా కనపడితే సినిమా పాతబడిందని తీర్పు చెప్పేస్తాం. నెగటివ్‌లు చెడిపోతున్నాయి. తేమ తగిలిన డబ్బా తెరిస్తే ముందు వెనిగర్ వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే ఫిల్ము ముడుచుకోవడం మొదలైనట్టే. నేను అలాంటి డబ్బా ఒకటి నా చేత్తో తెరిచాను. సినిమా పేరు చెప్పను. మొదటి రీలు దక్కలేదు.


సీమ_గాలి
డిసెంబరు 2, రాత్రి 10:10

అన్నా, చదువుతాంటేనే కడుపులో దేవినట్టయింది.


పోలీస్_క్వార్టర్స్
డిసెంబరు 3, రాత్రి 7:30

నాన్నగారు మళ్ళీ సినిమా పెట్టమన్నారు. ఈసారి శివ అన్నారు. ఆయన 1989లో చూడలేదట, అప్పుడు వరసగా బందోబస్తులు. చివర్లో పాప ఘట్టం దగ్గర ఆపేసి, "ఈ పిల్లకి ఇప్పుడు ఎన్నేళ్ళుంటాయి?" అని అడిగారు. హన్మకొండ అమ్మాయి రాసింది చదివి వినిపించాను, క్షమాపణ సంగతి, ఆవిడ జవాబు సంగతి. కాసేపు ఊరుకుని, మిగతాది పెట్టమన్నారు.


రెండోఆట
డిసెంబరు 4, రాత్రి 11:05

ఈ ఆదివారం రాత్రి తొమ్మిదికి ప్రతిఘటన. మా అమ్మాయి ఎంచింది. కాస్త మంచి ప్రింటు ఎవరి దగ్గరైనా ఉందేమో, నల్లబల్ల ఘట్టం అంచులు కోయకుండా ఉన్నది, చెప్పండి. పాట మధ్యలో తెగినది కూడా వద్దు. దొరక్కపోతే ఉన్నదే చూస్తాం, చూశాక అది రాస్తానంటోంది. నేను పక్కన కూర్చుంటాను.